గాజుపలకపై తోకచుక్క

నిత్యము వాడుకొను వస్తువును అందముగా చేసికొనుట తెలుగునాట క్రొత్త అలవాటు కాదు. గోదావరికి ఉత్తరముననున్న నిర్మల్ పట్టణమున నకాషీలు తేలికయైన పొనికి కొయ్యను చెక్కి బొమ్మలు చేయుదురు. పెట్టెలపైనను, పళ్ళెరములపైనను బంగారు వన్నెతో పూలను, లతలను, లేళ్ళను చిత్రింతురు. పెట్టె లోపలి వస్తువును కాపాడును. పెట్టెపై చిత్రము కంటికి విందు చేయును. ఈ కాలమున అందరి చేతులలోను కనబడు సెల్‌ఫోనుకు కూడ అట్టి తొడుగు ఒకటి వచ్చినది. చేయిజారి క్రిందపడినను ఫోను పగులకుండ కాపాడుట దాని పని. ఆ తొడుగులపై పువ్వులు, పక్షులు మాత్రమే గాక, వెనుకటి కాలపు ఖగోళ ఛాయాచిత్రములను కూడ ముద్రించుచున్నారు. చంద్రుని మీది గుంటలు, నీహారికల తెల్లని మేఘములు, తోక చాచిన ధూమకేతువులు వానిపై కానవచ్చును.

ఆ చిత్రములు మొదట కాగితముపై పుట్టినవి కావు, గాజుపలకలపై పుట్టినవి. పలుచని గాజుపలకకు ఒకప్రక్క వెండి లవణములు కలిపిన జిలటిన్ పూత పూసి, దానిని దూరదర్శినికి అమర్చి, ఎంతోసేపు ఆకాశమునకు చూపి, పిదప చీకటిగదిలో రసాయనములతో కడిగినచో ఆ చిత్రము ఏర్పడును. అట్టి పలక పగిలిపోయినచో ఆ రాత్రి ఆకాశము మరల దొరకదు. అందువలన ఒక్కొక్క పలకను కాగితపు సంచిలో నుంచి, పెట్టెలలో నిలువుగా పేర్చి, కంటికి రెప్పవలె కాపాడుచుండిరి. నాడు చిత్రమునకే తొడుగు కావలసివచ్చెను. నేడు ఆ చిత్రమే తొడుగుపైకి ఎక్కినది.

అట్టి గాజుపలకలు గల వేధశాల నీడన పెరిగి, ఒక గాజుపలకపైననే ఇరువదిరెండవ ఏట తోకచుక్కను కనుగొని, తుదకు భారతదేశమునకు పెద్ద దూరదర్శినిని సమకూర్చుటకు జీవితమును ధారవోసిన శాస్త్రజ్ఞుడు ఒకడు హైదరాబాదున పెరిగెను. ఆయన పేరు మణాలి కల్లాట్ వైను బాప్పు.

బాప్పు కుటుంబము మలయాళ దేశమునకు చెందినది. ఆయన 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసు నగరమున జన్మించెను. తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానము. తండ్రి హైదరాబాదునందలి నిజామియా వేధశాలలో ఉద్యోగి యగుటచే, బాలుని చదువును ఆటపాటలును హైదరాబాదులోనే సాగెను. ఆ బాలుని భవిష్యత్తును తీర్చిదిద్దినది ఆ వేధశాలయే. కావున దానిని గూర్చి కొంత తెలిసికొనవలెను.

హైదరాబాదు సంస్థానపు ప్రభువర్గములో నవాబు జఫర్ జంగ్ అను ఖగోళశాస్త్ర ప్రియుడు ఉండెను. ఆయన ఇరువదవ శతాబ్ది ఆరంభమున 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, ఫిసల్‌బండలో వేధశాలను స్థాపించెను. నిజాము అనుమతితో దానికి నిజామియా వేధశాల అని పేరు పెట్టెను. 1908లో సంస్థాన ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట అది బేగంపేటకు మారెను. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను.

ఆ దినములలో ప్రపంచమునందలి వేధశాలలు అన్నియు కలిసి ఒక మహాకార్యమును తలపెట్టియుండెను. 1887లో పారిస్ నగరమున సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశము నంతటిని గాజుపలకలపై చిత్రించి, నక్షత్రముల స్థానములను కొలిచి పట్టిక వ్రాయవలెనని నిశ్చయించిరి. ఊరి పొలములను రైతులు పంచుకొనినట్లు ఆకాశమును మండలములుగా విభజించి వేధశాలలకు పంచిరి. ఒక దక్షిణ మండలము చిలీ దేశపు సాంటియాగో వేధశాలకు వచ్చెను. ఆ పని అచ్చట సాగకపోగా హైదరాబాదు దానిని తలకెత్తుకొనెను. మనము అనూరాధ యని పిలుచు నక్షత్రమునందలి కొన్ని తారలు ఆ మండలమున ఉన్నవి. పిదప, జర్మనీదేశపు పాట్స్‌డామ్ వేధశాల ముగింపని ఉత్తర మండలమున కొంత భాగమును కూడ హైదరాబాదే పూర్తిచేసెను.

ఈ పని చూచుటకు సులభమువలె తోచును గాని, చేయుటకు మిక్కిలి కష్టమైనది. ప్రతి పలకపైనను సన్నని గీతల వల యొకటి ముద్రించుదురు. పిమ్మట సూక్ష్మదర్శినిలో చూచుచు, ఆ గీతలనుండి ప్రతి చుక్క ఎంత దూరమున నున్నదో కొలిచి వ్రాయుదురు. ఒక్క పలకపై వందలకొలది చుక్కలు ఉండవచ్చును. ఒక చుక్కను విడిచినను, ఒకదానిని రెండుమారులు లెక్కించినను పట్టిక చెడును. ఇట్లు ఎన్నో ఏండ్లు శ్రమించి నిజామియా వేధశాలవారు ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను కొలిచి, పండ్రెండు సంపుటములుగా ప్రకటించిరి. ఆ పని ముగియునప్పటికి దానిని మొదలుపెట్టినవారిలో పలువురు లేకుండిరి. ఒక తరము నాటిన చెట్టు ఫలమును మరియొక తరము కోయుట ఈ శాస్త్రమున సహజము.

బాప్పు ఇట్టి వాతావరణమున పెరిగెను. తోటి బాలురు ఆటస్థలమునకు పోయినట్లు ఆయన వేధశాలకు పోవుచుండెను. నక్షత్రముల పేర్లు ఆయనకు ఇరుగుపొరుగువారి పేర్లవలె పరిచితమయ్యెను. చదువునందే గాక చిత్రలేఖనమునందును, కవిత్వమునందును, తోటపనియందును ఆయనకు మక్కువ ఉండెను. అయినను ఆయన మనస్సు ఎల్లప్పుడు రాత్రి ఆకాశమువైపే పోవుచుండెను.

నిజాం కళాశాలలో విద్యార్థిగా నున్నప్పుడే ఆయన చంచల తారలను పరిశీలించుట ప్రారంభించెను. కొన్ని నక్షత్రముల వెలుగు ఎల్లప్పుడు ఒకేతీరున ఉండదు. కొన్నాళ్ళు పెరుగును, కొన్నాళ్ళు తరుగును. అట్టివానినే చంచల తారలందురు. వానిని పరిశీలించువాడు ప్రక్కనున్న స్థిరమైన తారలతో పోల్చి, దినదినము వాని వెలుగును వ్రాసికొనవలెను. ఒకనాటి పరిశీలనవలన ఏమియు తెలియదు. నెలలు గడచిన పిమ్మటనే ఆ అంకెలలో ఒక క్రమము కనబడును. ఆ ఓరిమి యువకుడగు బాప్పునకు ఉండెను. చదువుచున్న దినములలోనే ఆయన తన పరిశీలనలను శాస్త్ర పత్రికలలో ప్రకటించెను. మద్రాసు విశ్వవిద్యాలయమునుండి భౌతికశాస్త్రమున ఎం.ఎస్సీ. పట్టమును కూడ పొందెను.

అంతటితో ఆయన ముందు ఒక గోడ నిలిచెను. ఖగోళ భౌతికశాస్త్రమున పై చదువు చదువుటకు నాడు మన దేశమున తగిన సౌకర్యములు లేవు. విదేశమునకు పోవలెనన్నచో ధనము కావలెను. అప్పుడు హైదరాబాదు ప్రభుత్వము ఆయనకు విద్యార్థి వేతనము నొసగెను. నాటి హైదరాబాదు రాజ్యము ఉత్తరమున ఆదిలాబాదు, నిర్మల్ మొదలుకొని దక్షిణమున రాయచూరు వరకు వ్యాపించియుండెను. నాగలిపట్టిన రైతు, మగ్గమునేసిన సాలె, బొమ్మచెక్కిన నకాషీ, అందరి కష్టార్జితమునుండియు ఖజానాకు చేరిన సొమ్ముతోనే ఆ యువకుడు సముద్రములు దాటెను. 1949లో ఆయన అమెరికాదేశపు హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చేరెను.

హార్వర్డ్ వేధశాల గాజుపలకలకు ప్రపంచ ప్రసిద్ధి నొందినది. అచ్చట కాలక్రమమున అయిదు లక్షలకు మించిన పలకలు ప్రోగుపడినవి. ఆ పలకలను పరిశీలించుటకు పూర్వము అచ్చట పలువురు స్త్రీలు నియమింపబడిరి. వారిలో హెన్రియెట్టా లీవిట్ అను ఆమె, ఒక జాతి చంచల తారల వెలుగు ఎంత నెమ్మదిగా మారునో ఆ తార అంత ప్రకాశవంతమైనదని 1912లో నిరూపించెను. దానివలన దూరపు నక్షత్ర సమూహములకు దూరము కొలుచు త్రోవ మానవునకు దొరికెను. ఆమె కనుగొనిన సత్యము అంతకుముందే తీయబడిన పలకలలోనే దాగియుండెను. చూచు కన్నులకై అది వేచియుండెను. అట్టి చోటికి, బేగంపేట వేధశాలలో పలకల విలువ నెరిగి వచ్చిన బాప్పు చేరెను.

ఆయన చేరి కొన్ని నెలలైనను గడవకమునుపే ఒక వింత జరిగెను. 1949 జులై 2వ తేదీ రాత్రి తీసిన ఒక పలకను బాప్పు పరిశీలించుచుండెను. అది తోకచుక్కలను వెదకుటకు తీసిన పలక కాదు. నక్షత్రముల అధ్యయనమునకై తీసినది. ఇట్టి పలకపై చుక్కలు తారుమారుగా ఉండును. వెలుగు పడిన చోటు నల్లనగును. చీకటి ఆకాశము తెల్లగా మిగులును. పలకకు వెలుగు చాలునంతవరకు దూరదర్శిని నక్షత్రములతోపాటు మెల్లగా తిరుగుచుండును. కావున నక్షత్రములన్నియు చిన్నచిన్న నల్లని బిందువులుగా పడును. వానితోపాటు కాక వేరుగా కదలు వస్తువు ఏదైన ఉన్నచో, అది బిందువుగా పడక గీతగా సాగును.

వేలకొలది బిందువుల నడుమ బాప్పునకు అట్టి గీత కనబడెను. అది పలక మీది గీటు కావచ్చును. పూతలోని లోపము కావచ్చును. తొందరపడువాడు దానిని చూచియు చూడనట్లు ప్రక్కన పెట్టియుండును. బాప్పు అట్లు చేయలేదు. గురువగు బార్ట్ బాక్‌తోను, సహాధ్యాయియగు గార్డన్ న్యూకర్క్‌తోను కలిసి ఆయన దానిని విచారించెను. అది గీటు కాదు, ఎవరును అంతవరకు చూడని తోకచుక్క యని తేలెను. దాని మార్గమును గణించి చూడగా, అది సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని తెలిసెను. ఆ తోకచుక్కకు బాప్పు–బాక్–న్యూకర్క్ అని ముగ్గురి పేర్లును పెట్టిరి. ఆ ఏటి తోకచుక్కకుగాను పసిఫిక్ ఖగోళ సంఘము బాప్పునకు డానో పతకము నొసగెను. ఆ తోకచుక్కను కనుగొనునప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండు సంవత్సరములు కూడ నిండలేదు.

తోకచుక్క కీర్తి తెచ్చెను. అయినను ఆయన ఆ కీర్తితో తృప్తినొంది కూర్చుండలేదు. 1952లో డాక్టరు పట్టము పొందెను. పిమ్మట కార్నెగీ సంస్థ వేతనముపై కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలకు పోయెను. పాలొమార్ కొండపై నాడు ప్రపంచమున కెల్ల పెద్దదియగు 200 అంగుళముల దూరదర్శిని ఉండెను.

అచ్చట ఓలిన్ విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి బాప్పు నక్షత్ర కాంతిని విడదీసి తీసిన పలకలను పరిశీలించెను. పట్టకముగుండ సూర్యకాంతి ఏడురంగులుగా విడిపోవునట్లు నక్షత్రకాంతి కూడ విడిపోవును. ఆ రంగుల పట్టీపై అక్కడక్కడ నల్లని గీతలు కనబడును. అవి ఆ నక్షత్రమునందలి మూలకముల గుర్తులు. కాల్షియమునకు చెందిన ఒక గీత నడుమ, కొన్ని నక్షత్రములలో సన్నని వెలుగు పట్టీ ఉండును. ఆ వెలుగు పట్టీ వెడల్పునకును, ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశమునకును సంబంధము కలదని వారిరువురు కనుగొనిరి. 1957లో దానిని ప్రకటించిరి. విల్సన్–బాప్పు ఫలితమని దానికి పేరు.

దాని ప్రయోజనమును ఒక ఉపమానముతో గ్రహింపవచ్చును. చీకటిరాత్రి దూరపు పొలముగట్టున ఒక దీపము మినుకుమినుకు మనుచున్నదనుకొందము. అది దగ్గరనున్న చిన్న ప్రమిదయో, దూరముననున్న పెద్ద లాంతరో చూచువానికి తెలియదు. దీపపు నిజమైన వెలుగు ఎంతయో తెలిసినచో, అది ఎంత దూరముననున్నదో లెక్కకట్టవచ్చును. నక్షత్రముల విషయమునను అంతే. పలక మీది పట్టీ వెడల్పును కొలిచి నక్షత్రపు నిజ ప్రకాశమును, దానినుండి దూరమును తెలిసికొను ఉపాయమును బాప్పు, విల్సన్ లోకమునకు ఇచ్చిరి.

ఇంతటి పేరు తెచ్చుకొనుచున్న యువకుడు అమెరికాలోనే ఉండిపోయియున్నచో ఎవరును తప్పుపట్టియుండరు. ప్రపంచమునందలి పెద్ద దూరదర్శిని ఆయన చేతికి అందుబాటున నుండెను. భారతదేశముననో, ఎన్నో ఏండ్ల క్రిందట తెప్పించిన చిన్న దూరదర్శినులు తప్ప వేరేమియు లేకుండెను. 200 అంగుళముల కన్నుతో చూచినవాడు 15 అంగుళముల కన్నుతో చూచుటకు తిరిగి వచ్చునా? బాప్పు తిరిగి వచ్చెను. 1953లో ఆయన స్వదేశము చేరెను. తగిన ఉద్యోగము వెంటనే దొరకలేదు. అయినను ఆయన మరల ఓడ యెక్కలేదు.

1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వపు వేధశాలను నిర్మించు బాధ్యత ఆయనకు లభించెను. ఆ వేధశాల వారణాసిలో ప్రారంభమయ్యెను. గంగాతీరపు మైదానముల దుమ్ము, మంచు నక్షత్ర పరిశీలనకు అడ్డని గ్రహించి ఆయన దానిని హిమాలయ సానువులందలి నైనీతాల్‌కు మార్చెను. భవనములు లేవు, పరికరములు లేవు, శిక్షణ పొందిన సహాయకులు లేరు. అన్నింటిని మొదటినుండి కూర్చవలసివచ్చెను. వేధశాలను నిర్మించు విద్యను ఆయన ఇచ్చటనే నేర్చుకొనెను.

ముప్పదేండ్లు దాటిన కొలది కాలమునకే, 1960లో, ఆయన కొడైకెనాల్ వేధశాలకు అధిపతియయ్యెను. 1899లో స్థాపింపబడిన ఆ వేధశాల సూర్యుని పరిశీలించుటకు పేరొందినది. సూర్యునిపై మచ్చలందలి వాయువుల కదలికను జాన్ ఎవర్షెడ్ 1909లో కనుగొనినది అచ్చటనే. ఆ శతాబ్ది తొలినాళ్ళనుండియు మబ్బులేని ప్రతిదినము సూర్యుని ఛాయాచిత్రమును తీసి దాచుట ఆ వేధశాలవారి ఆచారము. ఏలికలు మారినను, యుద్ధములు వచ్చినను ఆ ఆచారము ఆగలేదు. సూర్యుని మచ్చలు సుమారు పదునొకండు సంవత్సరముల కొకమారు పెరిగి తరుగుచుండును. అట్టి మార్పులను తెలిసికొనుటకు ఒక మనుష్యుని ఆయువు చాలదు. వరుస తప్పని చిత్రములు కావలెను. ఆ నిధి బాప్పు సంరక్షణలోనికి వచ్చెను. ఆయన దానిని కాపాడుటయే గాక, క్రొత్త పరికరములతో సూర్య పరిశోధనను ముందుకు నడపెను.

కాని సూర్యుడొక్కడే ఆయనకు చాలలేదు. నక్షత్రములను చూచుటకు కొడైకెనాల్ అనువైనది కాదు. అచ్చట మేఘములు తరచుగా క్రమ్ముకొనును. ఆయన దక్షిణదేశపు కొండలను వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అను చిన్న గ్రామమును ఎన్నుకొనెను. దానికి రెండు కారణములు కలవు. మొదటిది, నగరముల దీపకాంతి అచ్చటి ఆకాశమును పాడుచేయదు. రెండవది, భూమధ్యరేఖకు దగ్గరగా నుండుటచే ఉత్తరాకాశముతోపాటు దక్షిణాకాశమున అధిక భాగము అచ్చటినుండి కనబడును. చందనవృక్షములు పెరుగు ఆ అడవిలో, 1960వ దశకపు చివర, 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పని మొదలయ్యెను. ఆ దూరదర్శిని విదేశమునుండి వచ్చినది కాదు. కొడైకెనాల్ కర్మాగారములోనే తయారైనది.

1972లో జర్మనీనుండి ఒక మీటరు వ్యాసముగల దూరదర్శిని కావలూరు చేరెను. అది నిలిచిన కొలది కాలములోనే, బృహస్పతి ఉపగ్రహమగు గనిమీడ్ ఒక నక్షత్రమును మరుగుపరచు అరుదైన దృశ్యమును అచ్చటివారు పరిశీలించిరి. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డుగా రాబోవుచుండగా, ఆ నక్షత్రపు వెలుగు ముందుగానే క్షణకాలము తగ్గుట కావలూరులో నమోదయ్యెను. ఆ రాత్రియే ఇతర దేశములవారును అట్టి మార్పులను చూచిరి. శనివలె యురేనస్‌కును వలయములు కలవని దానివలన లోకమునకు తెలిసెను. ఒక చిన్న అడవి గ్రామము ప్రపంచ ఖగోళశాస్త్ర చరిత్రలోనికి ఎక్కెను.

ఇంతలో 1971లో కొడైకెనాల్ వేధశాల భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థగా రూపొందెను. దాని ప్రధాన స్థానము బెంగళూరు నగరమున ఏర్పడెను. బాప్పు దానికి అధిపతియై యువకులను చేరదీసి పని నేర్పెను. గౌరవములును ఒక్కొక్కటిగా ఆయనను వెదకికొనుచు వచ్చెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమితికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఆ పదవి నధిష్ఠించిన మొదటి భారతీయుడు ఆయనయే. 1981లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ్ బిరుదము నొసగెను.

అయినను ఆయన మనస్సున ఒక కోరిక మిగిలియుండెను. భారతీయులు తమ చేతులతో ఒక పెద్ద దూరదర్శినిని నిర్మింపవలెను. ధనమిచ్చి విదేశములనుండి కొనితెచ్చుకొనినచో పరికరము వచ్చును. దానిని చేయు విద్య రాదు. ఆ విద్య మన దేశమున నిలువవలెనన్నచో తప్పులు చేయుచు, దిద్దుకొనుచు మనమే చేయవలెనని ఆయన విశ్వాసము. 234 సెంటీమీటర్ల అద్దముగల దూరదర్శినికి ఆయన సంకల్పించెను. బెంగళూరులోని సంస్థ ప్రయోగశాలలో ఆ గాజుబిళ్ళను అరగదీయు పని ఆరంభమయ్యెను. అట్టి అద్దమును వెంట్రుకమందముకంటె ఎంతో తక్కువ దోషముకూడ లేకుండ నునుపు చేయవలెను. కొంచెము అరగదీయవలెను, కొలువవలెను, మరల అరగదీయవలెను. ఈ పని ఏండ్ల తరబడి సాగెను.

1982 ఆగస్టులో గ్రీసుదేశపు పాట్రాస్ నగరమున అంతర్జాతీయ ఖగోళ సమితి మహాసభ జరుగవలసియుండెను. అధ్యక్షుడుగా బాప్పు దానిని నడపవలసియుండెను. కాని ఆయన గుండెజబ్బుతో జర్మనీదేశపు మ్యూనిక్ నగరమున వైద్యశాలలో చేరవలసివచ్చెను. అచ్చట శస్త్రచికిత్స జరిగినను ఫలితము లేకపోయెను. మహాసభ జరుగుచున్న దినములలోనే, ఆగస్టు 19వ తేదీన, ఆయన కన్నుమూసెను. యాబదియైదవ జన్మదినము గడచి అప్పటికి తొమ్మిది దినములు మాత్రమే అయ్యెను. ఆయన కలగనిన దూరదర్శిని అప్పటికి పూర్తికాలేదు.

ఆ పని ఆగిపోవునని అనుకొనినవారు లేకపోలేదేమో. కాని అది ఆగలేదు. ఆయన తీర్చిదిద్దిన శిష్యులును, పనివారును అద్దమును ముగించిరి. దూరదర్శినిని కావలూరు కొండపై నిలిపిరి. 1986 జనవరి 6వ తేదీన నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధి ఆ వేధశాలకును, దూరదర్శినికిని వైను బాప్పు పేరు పెట్టెను. నిజామియా వేధశాలలో పట్టిక మొదలుపెట్టినవారు ఒకరు, ముగించినవారు మరియొకరు అయినట్లే, కావలూరులోను జరిగెను. మొదలుపెట్టిన పని మరియొకరి చేతులలో నిలుచునట్లు చేసిపోవుటయే బాప్పు సాధించిన ఘనకార్యము.

గాజుపలకల కాలము ఇప్పుడు ముగిసినది. దూరదర్శినులలో వాని స్థానమును ఎలక్ట్రానిక్ కన్నులు ఆక్రమించినవి. అయినను పాత పలకలు పనికిమాలినవి కాలేదు. హార్వర్డ్ పలకలను, కొడైకెనాల్ సూర్యచిత్రములను కంప్యూటరులోనికి ఎక్కించి, నూరేండ్ల వెనుకటి ఆకాశమును నేటి శాస్త్రజ్ఞులు మరల చదువుచున్నారు. నాడు గమనింపబడక పోయిన మార్పులు నేడు బయటపడుచున్నవి. వానిలో కొన్ని చిత్రములు శాస్త్రజ్ఞుల బల్లలు దాటి పుస్తకముల అట్టలపైకి, గోడలపైకి, ఫోను తొడుగులపైకి కూడ వచ్చినవి. అందముకొరకు వానిని కొనువారు కొనవచ్చును. కాని ఆ చిత్రమునందలి ఒక్కొక్క చుక్క వెనుక, చలిరాత్రులందు కునుకు తీయక దూరదర్శినిని నడపిన ఒక మనుష్యుడును, పగలంతయు కన్నార్పక పలకను చదివిన మరియొక మనుష్యుడును కలరు.

బాప్పు చూచిన తోకచుక్క సూర్యునికి దూరమై ఎన్నడో చీకటిలోనికి పోయినది. వేలకొలది తరములు గడచినగాని అది తిరిగి రాదు. కావలూరు కొండపై దూరదర్శిని మాత్రము మబ్బులేని రాత్రులందు కప్పు తెరచి ఆకాశమును చూచుచునే ఉన్నది.